పాచికను చూసినవారెవరో రాయి

ట్రిప్లికేన్,
చెన్నై

చిరంజీవికి,

ఆశీస్సులు. మీ బృందం బల్ల చుట్టూ కూర్చొని, తలొక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ ఆడిన ఆటలో డ్రూయిడ్లు, అంటే వనాలను కొలిచే పూజారులు, ఒక వర్గంగా ఉన్నారు గదా; ఆ ఊహాలోకపు వర్గానికి నువ్వు రాసిన చరిత్ర రాతప్రతిని మీ మామయ్య తెచ్చి ఇచ్చాడు, మొత్తం చదివాను. నీ తెలుగు బాగుంది. ఆ సంగతి ఇక ఎత్తను. ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణం నీ నాలుగవ అధ్యాయంలోని ఒక్క వాక్యం. “ఆ రాత్రి విధి తన తీర్పు వెలువరించింది, మహావనం తన కొత్త అధిపతిని ఎన్నుకొన్నది” అని రాశావు. చదివినప్పుడు నాకు ఆవులింత వచ్చింది తప్ప అనుమానం రాలేదు. కాని రాతప్రతి వెనక మీ బృందం పాత నోటుపుస్తకం జిరాక్సులు కూడా జతచేశావు గదా, వాటిలో ఆ రాత్రికి సంబంధించిన పుట కనిపించింది. ఇరవై ముఖాల పాచిక బల్ల అంచుకు తగిలి నేల మీద పడిందనీ, కింద పడినది చెల్లదని ఒకరూ, పడిన అంకె పడినట్టే లెక్కించాలని మరొకరూ వాదించారనీ, చివరికి ఆట నడిపే గేమ్ మాస్టర్ మళ్లీ వేయించాడనీ, ఆ రెండవసారి పడిన అంకెతోనే పెద్ద డ్రూయిడ్ పీఠం చేతులు మారిందనీ అక్కడ పెన్సిలుతో రాసి ఉంది. దాని పక్కనే, వేరే చేతిరాతలో, తమిళంలో ఒక్క ముక్క: “నాన్ ఒత్తుక్కమాట్టేన్.” ఒప్పుకోనన్న ఆ మనిషి ఆడిన పాత్ర ఐదవ అధ్యాయం నుంచి నీ చరిత్రలో కనిపించదు. చనిపోయిందా, వలస పోయిందా, అసలు ఆ మనిషే మీ బల్ల దగ్గరికి రావడం మానేశాడా అన్నది నువ్వు ఒక్క వాక్యంలోనైనా చెప్పలేదు.

ఇంతకంటే మంచి ఘట్టం నీ చేతిలో మరొకటి లేదు. దాన్ని విధి అన్న మాట కింద పాతిపెట్టావు.

పదిమంది కలిసి ఊహించుకొన్న లోకానికి చరిత్ర రాసేవారు ఏ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో రాయాలి. మిగిలినవన్నీ దాని తర్వాతి సంగతులు. ఒక ఊరి చరిత్ర రాసేవాడికి చెరువు గట్టో, గుడి గోడ మీది శాసనమో, పొలంలో దొరికిన నాణెమో ఉంటుంది; మనుషుల మాట తప్పయితే రాయి దిద్దుతుంది. మీ డ్రూయిడ్ వర్గం వనంలో రాయి లేదు, చెట్టు లేదు. ఉన్నవల్లా ఆడినవారి మాటలు, ఒక నోటుపుస్తకం, కొన్ని ఫోను సందేశాలు, పడిన పాచికల జ్ఞాపకాలు. అటువంటి చోట సాక్షి పేరు తీసేస్తే మిగిలేది చరిత్ర కాదు, నీ సొంత కథ. నాలుగు ఇళ్ల పాలు ఒకే బిందెలో పోసిన తర్వాత ఎవరి పాలు విరిగాయో తేల్చుకోలేనట్టు, ఇప్పుడు నీ పుస్తకంలో ఏది జరిగినదో, ఏది తర్వాత అనుకొన్నదో, ఏది నీకు తోచినదో నాకు తెలియడం లేదు. ముందుమాటలో “ఇది సభ్యులందరూ అంగీకరించిన చరిత్ర” అని మరీ గర్వంగా రాశావు. అందరూ అంగీకరించిన చరిత్ర అంటే, అంగీకరించనివారు వెళ్లిపోయిన తర్వాత రాసినది అని నేను అర్థం చేసుకొంటాను.

మీరు ఎవరి పేరు పెట్టుకొన్నారో వారి గతి చూడు. గాల్ దేశంలోనూ, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలోనూ, బ్రిటన్‌లోనూ రెండువేల ఏళ్ల కిందట ఉండిన ఆ డ్రూయిడ్లు తమ విద్యను అక్షరాల్లో పెట్టడం తగదని నమ్మేవారనీ, కొందరు శిష్యులు ఇరవై ఏళ్లపాటు పద్యాలు కంఠస్థం చేస్తూ గడిపేవారనీ, ఇతర వ్యవహారాలకు మాత్రం గ్రీకు అక్షరాలు వాడుకొనేవారనీ జూలియస్ సీజర్ తన గాల్ యుద్ధాల గ్రంథం ఆరవ భాగంలో రాశాడు. అతను ఆ దేశాన్ని జయించడానికి వెళ్లిన సేనాని. పైగా అందులో కొంత పోసిడోనియస్ అనే గ్రీకు పండితుని రచనల నుంచి తీసుకొన్నదేనని పరిశోధకుల అనుమానం. నీ రెండవ అధ్యాయంలో తెల్లబట్టలు కట్టిన పెద్ద ఒకాయన, చంద్రుని ఆరవనాడు ఓక్ చెట్టెక్కి బంగారు కొడవలితో బదనిక కోస్తాడే, అది ఒకటవ శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ చెప్పిన సంగతి. వనాలు నరికించిన ఘట్టం, అంటే క్రీ.శ. 60 ప్రాంతంలో బ్రిటన్ పక్కనున్న మోనా ద్వీపం మీదికి రోమన్ సేన వచ్చినప్పుడు ఒడ్డున డ్రూయిడ్లు చేతులు పైకెత్తి శాపాలు పెట్టిన ఘట్టం, టాసిటస్ రాసినది. ఈ ముగ్గురూ రోమన్లే. డ్రూయిడ్ తన చేత్తో రాసుకొన్న మాట మనకు మిగల్లేదు కనుక, గెలిచినవారి పుస్తకాల్లోంచే ఓడినవారిని ఏరుకోవలసి వస్తోంది. మీ బృందంలో ఓడిన మనిషి బతికే ఉన్నాడు, తన మాట తన చేత్తో రాసి కూడా పెట్టాడు. నువ్వు దాన్ని వదిలేశావు.

ఖాళీలను కల్పనతో నింపవచ్చునా అని నీ ఉత్తరంలో అడిగావు. నింపు, కాని నింపినది నువ్వేనని చెప్పు. ఎడ్వర్డ్ విలియమ్స్ అనే వేల్స్ దేశపు రాతిపనివాడు, కవి, యోలో మోర్గానూగ్ అన్న పేరుతో ప్రసిద్ధుడు, 1792లో లండన్‌లోని ప్రింరోజ్ హిల్ మీద రాళ్లు వలయంగా పేర్చి కవుల సభ జరిపి, అది డ్రూయిడ్ల కాలం నుంచి తెగకుండా వస్తున్న సంప్రదాయమని లోకాన్ని నమ్మించాడు. తాను అల్లిన పద్యాలను పాత కవుల ఖాతాలో వేశాడు. అతను 1826లో పోయాడు గాని, ఏది పాతదో ఏది అతనిదో పండితులు విడదీసేసరికి ఇరవయ్యవ శతాబ్దం వచ్చింది. ఆ సభ ఈనాటికీ వేల్స్ జాతీయ ఉత్సవంలో జరుగుతూనే ఉంది. జరగనీ, అందమైన వేడుకే. అంత అందమైనదాన్ని కల్పించగలిగినవాడు దాని కింద తన సంతకం పెట్టడానికి ఎందుకు వెనకాడాడన్నదే నా బాధ.

మన వైపు చూడు. కంపెనీ కాలంలో సర్వే అధికారిగా పనిచేసిన కాలిన్ మెకంజీ దొర కోసం కావలి వెంకట బొర్రయ్య, 1803లో ఆయన చిన్న వయసులోనే పోయిన తర్వాత తమ్ముడు లక్ష్మయ్య, వారి మనుషులు ఊరూరా తిరిగి కైఫియత్తులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, రాయించారు. నేను వాటిని చదివిన రోజుల్లో అవి చేపాక్‌లో విశ్వవిద్యాలయం ఆవరణలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉండేవి. ఊరి ఎల్లలు, గుళ్లు, మాన్యాలు, ఏలినవారి వరుస, మధ్యలో నమ్మశక్యం కాని కథలు, అన్నీ ఒకే సిరాతో ఉంటాయి. కాని ఇది పూర్వులు చెప్పగా విన్నది, ఇది కరణం కవిలెలో ఉన్నది అనే తేడా చాలాచోట్ల తెలుస్తూ ఉంటుంది. అందువల్లనే వాటితో ఈనాడు పోట్లాడగలుగుతున్నాము. కరణాలు సత్యవంతులని నేను అనడం లేదు. మాన్యం నిలబెట్టుకోవడానికి అబద్ధాలు రాసినవారు కూడా వారిలో ఉన్నారు. అబద్ధమైనా ఎవరిదో తెలిస్తే అది కూడా సాక్ష్యమే.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. వయసులో ఉన్నప్పుడు జార్జిటౌన్‌లో ఆగిపోయిన ఒక తెలుగు నాటక సమాజం చరిత్ర రాయబూనాను. కృష్ణుడి వేషం ఎవరిదన్న తగువుతో ఆ సమాజం ప్రదర్శన రోజునే రెండుగా చీలింది. బతికున్న నటులు తలొక కథ చెప్పారు. వేషం వేసినవాడొకటి, వేయలేకపోయినవాడొకటి, హార్మోనియం వాయించినాయన మూడవది. నేను మూడూ పేర్లతో సహా రాసి ఒక వారపత్రికకు ఇచ్చాను. ఆ సంపాదకుడు, “పాఠకుడికి ఇన్ని పేర్లు విసుగు, మూడింట్లో మంచిదాన్ని ఎంచి ఇవ్వండి” అన్నాడు. ఇవ్వనన్నాను, రాతప్రతి చాలాకాలం ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. తర్వాత మరొక పత్రికవారు ఎంతో ఆదరంగా తీసుకొని, నాకు చెప్పకుండా “ఆయన చెప్పగా”, “వీరి మాట ప్రకారం” అన్నవన్నీ కొట్టేసి, మొత్తం నా గొంతుతో అచ్చువేశారు. హార్మోనియం ఆయన కొడుకు మా ఇంటికి వచ్చి, మా నాన్న అనని మాట మీరెందుకు రాశారని వాకిట్లో నిలబడి అడిగాడు. అతని ముందు అసలు రాతప్రతి పెట్టి చూపించాను. అతను నమ్మాడో లేదో నాకు తెలియదు గాని, పత్రిక మాత్రం సవరణ వేయలేదు. ధారాళమైన శైలి పేరుతో సాక్షుల నోరు నొక్కే సంపాదకులు ఇప్పుడు మరీ ఎక్కువయ్యారు. సినిమా తొలి సన్నివేశంలా మొదలుపెట్టమని చెప్పేవారు కూడా వారే. నీ మొదటి అధ్యాయంలోని ఉరుము, మెరుపు, నల్లగుర్రం అటువంటి సలహా మీదనే వచ్చాయని నా అనుమానం.

ఇక నీ మూడవ అధ్యాయంలో, పీఠం కోసం ద్వంద్వయుద్ధం “అనాదిగా వస్తున్న ఆచారం” అన్నావు. అనాది ఏమీ కాదు. నీ రాత అర్థం చేసుకోవడానికి మా మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకొని మీ ఆట నియమాల సంగతి అడిగి తెలుసుకొన్నాను. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆ ఆట 1974లో వచ్చింది. 1975 నాటి అనుబంధంలో డ్రూయిడ్లు ఎదురుపడే ప్రత్యర్థులు మాత్రమే. 1976లో మరొక అనుబంధంతో ఆటగాళ్లు ఎంచుకోదగిన పాత్ర అయ్యారు. పన్నెండవ స్థాయిలో తొమ్మిదిమంది, పదమూడవ స్థాయిలో ముగ్గురు, పద్నాలుగవ స్థాయిలో ఒక్కరే ఉండాలనీ, పైకి ఎక్కదలచినవారు పైనున్నవారిని పోరులో ఓడించాలనీ 1978 నాటి ఆటగాళ్ల పుస్తకం చెప్పింది. 2000లో మూడవ కూర్పు వచ్చేసరికి ఆ నిర్బంధం పోయింది. మీరంతా ఆ తర్వాత పుట్టినవారో, అప్పటికి పలక పట్టినవారో. అంటే మీలో ఒకరు పనిగట్టుకొని ఆ పాత నియమాన్ని మీ ఆటలోకి తెచ్చారు. ఎవరు తెచ్చారు? ఎందుకు కావలసి వచ్చింది? వద్దన్నవారు ఎవరు? ఆ నిర్ణయం జరగకపోతే ఆ రాత్రి పాచిక వేయవలసిన పనే ఉండేది కాదు. మీ వర్గం చరిత్రలో అసలు మలుపు అక్కడుంది, నువ్వు దాన్ని ఆచారమని ఒక విశేషణంతో దాటేశావు.

కనుక తిరగరాసేటప్పుడు ప్రతి ఘట్టానికి రెండు కాలాలు వేయి: మీ వనంలో అది ఏ ఏడు, ఏ ఋతువు, ఇక్కడ వేళచ్చేరిలో అది ఏ తేదీ, ఎవరి ఇల్లు, ఆ రోజు బల్ల దగ్గర ఎవరెవరున్నారు, గేమ్ మాస్టర్ ఎవరు. పరీక్షల నెలలో మీ వనంలో పదేళ్ల శాంతి ఎందుకు నెలకొన్నదో అప్పుడు పాఠకుడికి దానంతట అదే తెలుస్తుంది. పాత్ర పలికిన మాటను పాత్రకూ, ఆడినవారు పలికిన మాటను ఆడినవారికీ కట్టు. ఒకరి మాట మరొకరికి అంటగట్టవద్దు. బయటి పేర్లు వెల్లడించడానికి ఇష్టపడనివారిని వారి పాత్ర పేరుతోనే సాక్షిగా నిలబెట్టు, అది సరిపోతుంది. మీరు వెనక్కి వెళ్లి మార్చుకొన్న సంగతులున్నాయి గదా, మొదట నదిలో మునిగి చనిపోయిన వైద్యురాలు తర్వాత చనిపోలేదని తీర్మానించుకొన్నారే, ఆ మార్పును దాచి నున్నగా చేయవద్దు. మొదట ఇలా ఆడాము, ఫలానా రోజు ఫలానావారు కోరగా ఇలా మార్చుకొన్నాము అని రాయి. ఆమె రెండు జీవితాలూ మీ చరిత్రే. నోటుపుస్తకంలోని తమిళం తమిళంగానే తెలుగు లిపిలో ఉంచు, కింద భావం ఇవ్వు. ఆ బల్ల దగ్గర ఎవరూ గ్రాంథికంలో పోట్లాడుకోలేదు.

రాతప్రతిలో నన్ను కదిలించిన చోటు కూడా ఒకటుంది గాని, అది నువ్వు రాసినది కాదు, నోటుపుస్తకంలోనిది. 2015 డిసెంబరు వరదల్లో కరెంటు లేని రోజులకు ఎదురుగా ఎవరో, “ఆట లేదు. వనంలో కూడా వాన అనుకొందాం” అని రాశారు. దాన్ని కదపవద్దు; దానికి వ్యాఖ్యానం కూడా రాయవద్దు.

పల్నాటి కథను ఇంతకాలం పాడుకొంటూ వచ్చాము. కోడిపోరులో నాగమ్మ మోసం చేసిందని కారంపూడిలో వీరులను కొలిచే గాయకులు పాడతారు. శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద కూడా బ్రహ్మనాయుడి వైపే ఉంటుంది. నాగమ్మ తరఫున ఆ పందెం చూసిన ఒక్కడి మాట దొరికితే నా దగ్గరున్న పుస్తకాల్లో సగం ఇచ్చేస్తాను. నీకు అటువంటి మాట పెన్సిలు రాతలో, జిరాక్సు ధరకు దొరికింది.

మొదటి పుటలో మ్యాపు వేయించాలా అని అడిగావు, వద్దు. ముందు మ్యాపు, చివర వంశవృక్షం, నడుమ ఏమీ లేని పుస్తకాలు చూసి చూసి విసిగిపోయాను.

ముందుగా చేయవలసిన పని, ఆ ఒప్పుకోనన్న మనిషి చిరునామా సంపాదించి, వెళ్లి అడగడం. అతను చెప్పినది అతను చెప్పినట్టే రాసుకో. నువ్వు అక్కడ వాదించవద్దు. గేమ్ మాస్టర్‌ను వేరే రోజు, విడిగా అడుగు. ఆ పాచికను చూశామన్నవారు నలుగురుంటే నాలుగు మాటలూ వరసగా వేసి, నీకు ఏది నిజమనిపిస్తుందో చివర నీ పేరుతో చెప్పు. ఒకవేళ అతను నీతో మాట్లాడడానికి ఇష్టపడకపోతే, అడిగానని, చెప్పనన్నాడని, అడిగిన తేదీతో సహా నాలుగవ అధ్యాయంలో రాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య స్నేహితుడు