గుండె మీద కూర్చున్నది దయ్యం కాదు, మీకు మతీ తప్పలేదు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. నా వయసు 22. డిగ్రీ అయ్యాక నాన్నకు తోడుగా రాత్రుళ్లు రొయ్యల గుంటల దగ్గర, నీళ్లకు ఆక్సిజన్ అందించే ఏరియేటర్లకు కాపలా ఉంటున్నాను. పొద్దుపోక షెడ్డులో ల్యాప్‌టాప్ పెట్టుకుని 'డెడ్ స్పేస్ 2' అనే హారర్ వీడియో గేమ్ ఆడుతున్నాను. ఒకసారి పూర్తి చేసి, ఇప్పుడు హార్డ్‌కోర్ మోడ్‌లో ఆడుతున్నాను. నెల రోజులుగా తెల్లవారుజామున కన్ను మూతపడగానే ఆ గేమ్‌లోని శవంలాంటిది మంచం పక్కన నిలబడినట్టు, తర్వాత గుండె మీద కూర్చున్నట్టు ఉంటోంది. మెలకువగానే ఉంటాను గానీ చెయ్యి కదలదు, అరుద్దామంటే గొంతు పెగలదు. ఆ తర్వాత ఒకటే గుండెదడ. రాత్రికి ఐదారు టీలు తాగుతాను. మా అవ్వ గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తానంటోంది. ఆ గేమ్ హీరోలాగా నాకూ పిచ్చి పడుతోందేమోనని భయంగా ఉంది.

జవాబు: ముందు ఆ భయం వదిలేయండి. మీరు రాసిన దాంట్లో పిచ్చి లక్షణం ఒక్కటీ లేదు. దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారు, అంటే నిద్ర అంచున ఒళ్లు కాసేపు కదలకపోవడం. నూటికి దాదాపు ఎనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. కొన్ని సెకన్లో, ఒకటి రెండు నిమిషాలో ఉండి దానంతట అదే పోతుంది. ప్రాణానికి ముప్పేమీ లేదు.

కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో మన మెదడు ఒంట్లో కండరాలను కదలకుండా ఆపేస్తుంది. లేకపోతే కలలో పరిగెత్తినప్పుడల్లా మంచం మీంచి దూకేస్తాం. మామూలుగా నిద్రపట్టిన గంటన్నరకు గానీ ఈ దశ రాదు. రాత్రంతా మేలుకుని తెల్లారి పడుకునేవాళ్లకు ఆ వరస తప్పుతుంది. మన ఒంట్లో గడియారం ప్రకారం రెమ్ నిద్ర ఎక్కువగా ఉండేది తెల్లవారుజామునే. దానికి నిద్ర బాకీ కూడా తోడైతే, కన్ను మూసీ మూయకముందే కల మొదలవుతుంది. మెలకువ ఇంకా పోలేదు, ఒళ్లు మాత్రం ఆగిపోయింది, కళ్లెదుట కల నడుస్తోంది. ఆ సమయంలో ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం కండరం పనిచేస్తున్నా ఛాతీ కండరాలు సడలి ఉంటాయి కాబట్టి కావాలనుకున్నా గట్టిగా ఊపిరి లాగలేం. గుండె మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించేది అందుకే.

ఇక మీ గేమ్ సంగతి. 2008లో వచ్చిన మొదటి భాగానికి కొనసాగింపుగా ఇది 2011లో వచ్చింది. ఇందులో హీరో ఐజాక్ క్లార్క్‌కు చనిపోయిన ప్రియురాలు నికోల్ కనిపిస్తుంది, మాట్లాడుతుంది. అదంతా అతను నడుస్తూ, పోరాడుతూ, పూర్తి మెలకువలో ఉండగానే జరుగుతుంది. కథ ప్రకారం దానికి మార్కర్ అనే వస్తువు కారణం. మీకు కనిపించేది నిద్ర అంచున మాత్రమే. లేచి మొహం కడుక్కుంటే పోతోంది, అది నిజం కాదని మీకే తెలుస్తోంది. డాక్టర్లు చూసే మొదటి తేడా ఇదే.

అలాగని గేమ్‌కు సంబంధమే లేదని అననుగాక అనను. మీ జబ్బుకు మూలం నిద్ర చెడిపోవడం. దానికి ఆ శవం వేషం వేసింది మాత్రం గేమే. ఆడకపోయినా మీకు ఇది వచ్చి ఉండొచ్చు, అప్పుడు మంచం పక్కన మరొకటేదో నిలబడేది. పైగా హార్డ్‌కోర్ మోడ్‌లో ఆడినంతవరకు భద్రపరుచుకునే సేవ్‌లు ఆట మొత్తానికి మూడే. చచ్చిపోతే గంటల కష్టం పోయి మళ్లీ పాత సేవ్ దగ్గరికి రావాలి. ఆ టెన్షన్‌తో, హఠాత్తుగా మీదపడే అరుపులతో ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నుతుంది. దానికి తోడు టీ. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. నాలుగింటికి తాగిన టీ మీరు ఆరింటికి పడుకునేసరికి చాలావరకు ఒంట్లోనే ఉంటుంది. గుండెదడకు ఇవన్నీ కారణాలే.

ఆఖరి టీ రాత్రి ఒంటిగంటకల్లా ముగించండి. ఆ గేమ్‌ను రెండు మూడు వారాలు పక్కన పెట్టండి. తర్వాత ఆడాలనిపిస్తే సాయంత్రం పూట, సౌండ్ తగ్గించి, మామూలు మోడ్‌లో ఆడండి. అన్నిటికంటే ముఖ్యం నిద్ర. పగలు చీకటి చేసిన గదిలో, రోజూ ఒకే వేళకు, ఏడు గంటలు పడుకోండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి. వెల్లకిలా పడుకుంటే ఇది ఎక్కువగా వస్తుంది కనుక ఒక పక్కకు తిరిగి పడుకోండి. నాన్నగారితో మాట్లాడి వారంలో రెండు మూడు రాత్రులైనా వంతులు మార్చుకోండి. ఈ ఒక్క మార్పుతోనే సగం బాధ తగ్గుతుందని నా నమ్మకం. మళ్లీ వస్తే పెనుగులాడొద్దు. ఇది పోతుందని అనుకుంటూ, కాలి బొటనవేలు కదపడానికి మాత్రం ప్రయత్నించండి.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిన సంగతి ఎలా తెలుస్తుంది? నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. నిద్ర కళ్లతో తడి గట్టు మీద మోటారు స్టార్టర్ ముట్టుకోవడం ఇంకా ప్రమాదం. ఆట మాట ఎలా ఉన్నా, కాపలా వేళ చెవులు ఖాళీగా ఉంచుకోండి.

అవ్వతో గొడవపడొద్దు. తాయెత్తు కట్టుకుంటే నష్టం లేదు. కానీ భూతవైద్యం పేరుతో రాత్రంతా జాగారం, ఉపవాసం అంటే మాత్రం ఒప్పుకోకండి, నిద్ర తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది. మందుల షాపులో నిద్రమాత్రలు అడిగి తెచ్చుకోవద్దు. మద్యం అసలే వద్దు.

ఊరికే కూర్చున్నప్పుడు నాడి నిమిషానికి వంద దాటుతున్నా, బరువు తగ్గుతున్నా, చేతులు వణుకుతున్నా థైరాయిడ్, రక్తం పరీక్షలు, ఈసీజీ చేయించుకోండి. స్పృహ తప్పితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోవడం, పని చేస్తూ చేస్తూ నిద్రలోకి జారిపోవడం, పట్టపగలు మెలకువలో గొంతులు వినిపించడం, ఎవరో హాని చేస్తున్నారనే అనుమానం లాంటివి ఉంటే నెల్లూరు పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించుకోండి. మూడు నాలుగు వారాలు నిద్ర సరిచేసుకున్నా తగ్గకపోతే అప్పుడూ వెళ్లండి. ఈలోగా భయం ఎక్కువై ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. అది ఉచితం, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.