లేహ్యం ఎప్పుడు తినాలన్నది తర్వాత.. ముందు బరువెందుకు తగ్గారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 48. ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో పనిచేస్తా. ఆరు నెలలుగా ఒకటే నీరసం. సాయంత్రానికి కాళ్లు పీకుతాయి, అరికాళ్లు తిమ్మిర్లు. 74 కిలోలుండేవాణ్ని, 67కి వచ్చా. మా బామ్మర్ది అశ్వగంధ, శిలాజిత్ క్యాప్సూళ్లు, తిరునాళ్లలో కొన్న ఒక డబ్బా లేహ్యం ఇచ్చాడు. తను ఉగాది నుంచి ఆ లేహ్యమే వాడుతున్నాడు, బాగుందంటాడు. నేను పది రోజులుగా తింటున్నా, మూడో రోజు నుంచే హుషారొచ్చింది, ఆకలి పెరిగింది. క్యాప్సూళ్లు ఇంకా మొదలుపెట్టలేదు. పరగడుపున వేసుకోవాలా, తిన్నాకా? పాలతోనా, తేనెతోనా? ఎన్నాళ్లు వాడాలి? షుగర్‌కు ఏడేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాణ్ని, వేడి చేస్తోందని రెండు నెలలుగా ఆపేశా.
– ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: షుగర్ మాత్ర ఆపేసిన సంగతి ఆఖర్లో, పోతూ పోతూ ఒక మాట అన్నట్టు రాశారు. నేను అక్కడే ఆగిపోయాను. పాలా, తేనా అన్నది కాసేపు పక్కన పెడదాం.

ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గడం మామూలు నీరసం కాదు. ఒంటి బరువులో 5 శాతం దాటి తగ్గితేనే మేం కారణం వెతుకుతాం. మీకు దాదాపు 10 శాతం తగ్గింది. ఇంకో విషయం గమనించారా? నీరసం మొదలై ఆరు నెలలు, మాత్ర ఆపి రెండు నెలలు. అంటే మాత్ర మింగుతున్న రోజుల్లోనే ఏదో తేడా మొదలైంది. షుగర్ అప్పటికే అదుపు తప్పి ఉండొచ్చు, ఇప్పుడు ఇంకా పెరిగి ఉండొచ్చు. థైరాయిడ్ కావచ్చు, రక్తం తక్కువై ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. దగ్గు, సాయంత్రం పూట సన్నటి జ్వరం, రాత్రిళ్లు చెమటలు ఉన్నాయో లేవో మీరు రాయలేదు. ఉంటే కఫం పరీక్ష తప్పనిసరి, ప్రభుత్వాసుపత్రిలో డబ్బులు తీసుకోరు. మిమ్మల్ని చూడకుండా ఇందులో ఏదని చెప్పలేను.

‘వేడి చేసింది’ అన్నమాట మా ఓపీలో రోజూ వింటాను. మెట్‌ఫార్మిన్‌తో కొందరికి కడుపుబ్బరం, వికారం, విరేచనాలు అవుతాయి. భోజనం తర్వాత వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. కాకపోతే నెమ్మదిగా కరిగే రకం ఉంది, అదీ పడకపోతే వేరే మందులున్నాయి. డాక్టరుతో ఒక్క మాట చెబితే పోయేదానికి రెండు నెలలు మాత్రే మానేశారు! అరికాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్ల నరాలు దెబ్బతిని రావచ్చు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడినవారిలో బీ12 విటమిన్ తగ్గి కూడా వస్తాయి, దాంతో నీరసమూ ఉంటుంది. రెండోది ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో సరిచేయగలిగేదే, ఆలస్యం చేయకపోతే.

ఇక ఆ లేహ్యం. మూడో రోజుకే హుషారు, ఆకలి అన్నారు. మీకు సంతోషంగా ఉంది, నాకు అదే అనుమానంగా ఉంది. ‘రసాయనాలు’ అని ఆయుర్వేదంలో పిలిచే బలవర్ధక మందులు వారాలు, నెలల మీద నెమ్మదిగా పనిచేస్తాయని ఆయుర్వేద వైద్యులే చెబుతారు. రెండు మూడు రోజుల్లో ఒళ్లు తేలికై, నొప్పులు మాయమై, ఆకలి విజృంభించిందంటే నాకు ముందు గుర్తొచ్చేది స్టెరాయిడ్. ఊరూ పేరూ లేని పొడుల్లో, లేహ్యాల్లో డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటివి కలిపి అమ్మడం కొత్త కాదు. అవి చాన్నాళ్లు తిన్నవాళ్లు మా దగ్గరికి మొహం చంద్రబింబంలా ఉబ్బి, పొట్ట పెరిగి, చేతులూ కాళ్లూ సన్నబడి వస్తారు. ఏం వాడుతున్నారంటే ‘ఏం లేద్సార్, ఆకుమందు’ అంటూ సంచిలోంచి కాగితం పొట్లం తీస్తారు. మీ డబ్బాలో అదే ఉందని నేననడం లేదు, పరీక్ష చేయకుండా ఎవరూ అనలేరు. కానీ స్టెరాయిడ్ షుగర్‌ను అమాంతం పెంచుతుంది, మీరేమో షుగర్ మాత్ర ఆపి ఉన్నారు. అందులో ఏమీ కలపలేదనుకున్నా లేహ్యమంటేనే బెల్లమో చక్కెరో పోసి చేసేది. ఈ రోజే ఆపండి. పది రోజులే కాబట్టి ఆపడం వల్ల సాధారణంగా ఇబ్బంది రాదు. డబ్బా మాత్రం పారేయకండి, డాక్టరుకు చూపించండి.

ఇదంతా ఆయుర్వేదం మీద కోపంతో అంటున్నది కాదు. మా ఇంట్లోనూ త్రిఫల ఉంటుంది. నా గొడవంతా లేబుల్ లేని డబ్బాతోనే. తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఏ మూలిక ఎంత అన్న వివరం లేనిది మందు కిందకే రాదు. లేబుల్ ఉన్నంత మాత్రాన భరోసా అనీ కాదు. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే ఐదోవంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించిందని 2008లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. శుద్ధి చేయని శిలాజిత్‌తోనూ ఇదే భయం. ‘శక్తి’ క్యాప్సూళ్లలో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపినవి కూడా పట్టుబడ్డాయి. గుండె నొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు అలాంటిది మింగితే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది.

మీరడిగినదానికీ జవాబు చెబుతాను. అశ్వగంధ అంటే మన పెన్నేరుగడ్డ. సంప్రదాయంగా వేరు పొడిని రోజుకు 3 నుంచి 6 గ్రాములు, గోరువెచ్చని పాలతో, తిన్న తర్వాత ఇస్తారు. పరగడుపున కొందరికి కడుపులో మంట, విరేచనాలు అవుతాయి. మగత వచ్చేవాళ్లకు రాత్రి పూట మేలు. తేనె మీకు వద్దు, అదీ చక్కెరే. క్యాప్సూళ్లలో ఎక్కువగా ఉండేది పొడి కాదు, గాఢమైన సారం, కాబట్టి ఈ గ్రాముల లెక్క వాటికి పనికిరాదు. పరిశోధనలు చాలావరకు రెండు మూడు నెలల వాడకం మీదే జరిగాయి, ఏళ్ల తరబడి వాడొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. ఇది షుగర్‌ను తగ్గించగలదు, థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, అరుదుగా కాలేయాన్ని దెబ్బతీసిన కేసులున్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే మానేయాలి. మీ విషయంలో రిపోర్టులు వచ్చేదాకా క్యాప్సూల్ డబ్బా మూత తీయొద్దు. ఆ తర్వాత వాడాలనిపిస్తే బీఏఎంఎస్ (ఆయుర్వేద వైద్య డిగ్రీ) చదివిన వైద్యుణ్ని అడగండి, మీరు వేసుకునే మాత్రలన్నీ ఆయనకు చెప్పండి.

రేపు పొద్దున ఏమీ తినకుండా వెళ్లి ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), రక్తం శాతం, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), లివర్ పరీక్షలు, వీలైతే బీ12, మూత్ర పరీక్ష చేయించుకోండి. ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ కూడా అవసరం కావచ్చు. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి వెళ్లినా సరే, మీ డాక్టరు దగ్గరికెళ్లినా సరే. మెట్‌ఫార్మిన్ ఏ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో క్రియాటినిన్ చూసి వాళ్లే చెబుతారు. ఈలోగా వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన దాహం, మత్తుగా ఉండటం లాంటివి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇంకొకటి, రాగి సంగటి షుగర్‌కు మంచిదని ఎంతైనా తినొచ్చనుకోకండి. అందులో బియ్యమూ ఉంటుంది, ముద్ద సైజు తగ్గించాలి.

మీ బామ్మర్ది గారి సంగతి నన్ను ఇంకా కలవరపెడుతోంది. ఆయన ఉగాది నుంచి తింటున్నారు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఇన్ని నెలల తర్వాత ఒక్కసారిగా మానేయడం ప్రమాదం: బీపీ పడిపోయి కుప్పకూలిపోవచ్చు. కాబట్టి ఈ జవాబు చూపించి ‘ఇవాళే ఆపెయ్’ అనకండి. డబ్బాతో సహా ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్లండి, ఎలా తగ్గించాలో అక్కడి డాక్టరు చూసి చెబుతారు.

– జనరల్ ఫిజీషియన్, కడప