ఆప్తులు పోయాక కొందరు ప్రమాదాల వెంట ఎందుకు పడతారు?

చాలాసార్లు అది ధైర్యం కాదు, దుఃఖం నుంచి కాసేపు తప్పించుకునే దారి. ప్రమాదం ఎదురైతే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, ధ్యాసంతా ఆ క్షణం మీదే నిలుస్తుంది. పోయిన మనిషిని తలుచుకునే తీరిక మనసుకు ఉండదు. పైగా ఆప్తులు పోయాక కొందరికి మనసు మొద్దుబారిపోతుంది, ఏడుపు కూడా రాదు. భయం ఆ మొద్దుతనాన్ని కాసేపు పోగొడుతుంది. చిక్కేమిటంటే ఆ ఊపు త్వరగానే దిగిపోతుంది, బాధ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అందుకే మళ్లీ, ఈసారి ఇంకాస్త ఎక్కువ ప్రమాదం కావాలనిపిస్తుంది.

ఉదాహరణకు, తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఒకతను అర్ధరాత్రి బైక్ మీద విపరీతమైన స్పీడులో తిరుగుతుంటాడు. అడిగితే "నాకు స్పీడంటే ఇష్టం" అంటాడు. తమ్ముడు ఉన్నప్పుడు ఆ ఇష్టం లేదు మరి! ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఏం గుర్తొస్తుందో అతనికి తెలుసు. తనతో తాను ఒప్పుకోవడమే కష్టం.

ఇలాంటివాళ్లను చూసి "ఏడవట్లేదు, హుషారుగా ఉన్నాడు, తేరుకున్నాడు" అని చాలామంది పొరబడతారు. బాధను కాసేపు పక్కనపెట్టడం తప్పేమీ కాదు, అది అందరికీ అవసరమే. కానీ "పోతే పోతాను, ఏముంది" లాంటి మాటలు మొదలైతే అది తప్పించుకోవడంతో ఆగలేదని అర్థం. వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.