పాషన్ ఫ్రూట్ నారును ఒట్టి వర్మీకంపోస్టులో పెంచొచ్చా?

వద్దు, మొత్తం మిశ్రమంలో కంపోస్టు పావు వంతు నుంచి మూడో వంతు ఉంటే చాలు. పాషన్ ఫ్రూట్ వేర్లకు తడి కావాలి కానీ నీళ్లు నిలిస్తే అస్సలు పడదు, ఒట్టి కంపోస్టేమో కొన్నాళ్లు నీళ్లు పోసేసరికి అణిగిపోయి లోపలికి గాలి ఆడనివ్వదు, పైగా అందులో లవణాలు ఎక్కువుంటే లేత వేర్ల కొసలు మాడతాయి. అప్పుడే శిలీంధ్రం పట్టి, కాండం మట్టిని తాకే చోట గోధుమరంగుకు తిరిగి, దారంలా సన్నబడి మొక్క పక్కకు వాలిపోతుంది. కొబ్బరి పొట్టు తడినీ గాలినీ రెండింటినీ పట్టి ఉంచుతుంది, బలం మాత్రం దాదాపు సున్నా, అందుకే కలపడం. ఉదాహరణకు రెండు పాళ్లు వదులు మట్టి, ఒక పాలు కడిగిన కొబ్బరి పొట్టు, ఒక పాలు కంపోస్టు కలిపి, అడుగున చిల్లులున్న సంచుల్లో నింపితే సరిపోతుంది.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, సేంద్రియం కదా, ఎంత వేసినా ఏమీ కాదనుకుంటారు. మాగని పేడ కుళ్లుతూ వేడెక్కి అమ్మోనియా వదులుతుంది, పచ్చి రంపపు పొట్టు మొక్కకు అందాల్సిన నత్రజనిని తానే లాగేసుకుంటుంది (ఆకులు పాలిపోతే జనం ఇంకాస్త ఎరువు వేస్తారు, అదో గోల). ఏదైనా బాగా మాగి, చేతిలోకి తీసుకుంటే కుళ్లు వాసన లేకుండా పొడిపొడిగా రాలాలి.