పీఏ కోర్సుకు అప్లై చేసే ముందు పేషెంట్ల దగ్గర పనిచేయండి

గుంటూరులో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి, పెళ్లయ్యాక డాలస్ వచ్చారు, ఈమధ్యే హెచ్‌4 వీసా మీద పనిచేసుకునే అనుమతి (ఈఏడీ) వచ్చింది, నాలుగేళ్ల పాప ఉంది. డాక్టర్లతో కలిసి రోగుల్ని చూసి వైద్యం చేసే ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ) కోర్సు చేయగలనా, నా ఇండియా చదువు పనికొస్తుందా అని అడిగారు. చేయగలరండి. నేను విజయవాడలో బీడీఎస్ చేసి ఒహాయో వచ్చాను. ఇక్కడ పీఏ సీటు వచ్చేనాటికి మా బాబుకు మూడేళ్లు. అందుకే మీ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ముందుగా ఒక మాట. ఇండియాలో ఎంబీబీఎస్సో బీడీఎస్సో ఉంటే ఒక పరీక్ష రాసి పీఏ అయిపోవచ్చని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. కుదరదు. పీఏ లైసెన్సుకు అవసరమైన పాన్స్ పరీక్ష రాయాలంటే, పీఏ కోర్సులకు గుర్తింపునిచ్చే ఏఆర్‌సీ-పీఏ సంస్థ ఒప్పుకున్న అమెరికా ప్రోగ్రాంలో చదివి తీరాలి. ఇండియాలో బీఎస్సీ పీఏ చేసినవాళ్లకైనా అంతే. మీ బీపీటీ డిగ్రీని మాత్రం వెస్ లాంటి సంస్థతో ఎవాల్యుయేట్ చేయించుకోవాలి, అంటే అమెరికా చదువుతో పోల్చి లెక్కకట్టించుకోవాలి. అయినా చాలా ప్రోగ్రాంలు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ వంటివి అమెరికాలోనే చదివి ఉండాలంటాయి. నేను కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులకు వెళ్లి పూర్తి చేశాను. కొన్ని ప్రోగ్రాంలు సిటిజన్లను, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ లోన్లు హెచ్‌4 ఈఏడీ మీద రావు. ఈ రెండూ ముందే లెక్కలో వేసుకోండి.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది పేషెంట్ కేర్ గంటల గురించి, అంటే అప్లై చేసేముందు రోగుల దగ్గర స్వయంగా పనిచేసిన గంటల గురించి. మీరు వాటిని "ఎలాగోలా పూర్తి చేయాల్సిన ఫార్మాలిటీ" అని రాశారు. దయచేసి అలా అనుకోకండి. ఈ చదువు పుట్టిందే అక్కడ. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదటి బ్యాచ్‌లోకి తీసుకున్న నలుగురూ నేవీలో కార్ప్స్‌మెన్‌గా, అంటే వైద్య సహాయకులుగా పనిచేసినవాళ్లే. అప్పటికే రోగుల దగ్గర చేయి తిరిగినవాళ్లు కాబట్టే రెండేళ్లలో తయారు చేయవచ్చని ఆయన నమ్మారు. ఇప్పటికీ కోర్సు సుమారు 27 నెలలే. అంత తక్కువ కాలంలో రోగి పక్కన ఎలా నిలబడాలో మొదటినుంచి నేర్పే తీరిక ఎవరికీ ఉండదు.

నేను నర్సింగ్ హోంలో (ఇక్కడ అంటే పెద్దవాళ్లను ఉంచి చూసుకునే చోటు) నర్సులకు సాయంచేసే నర్స్ ఎయిడ్‌గా చేరాను. దానికి ఫెడరల్ నిబంధన ప్రకారం కనీసం 75 గంటల ట్రైనింగ్ ఉంటే చాలు. మొదటి వారం ఇంటికొచ్చి ఏడ్చాను. డెంటిస్టుగా చదివిన అమ్మాయి డైపర్లు మారుస్తోందని అమ్మకు చాలా రోజులు చెప్పలేదు. అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. పక్షవాతంతో కుడివైపు చచ్చుబడిపోయింది, మాట లేదు. ఒకరోజు స్నానం చేయించడానికి పక్కకు తిప్పితే నడుము కింద, ఎముక పైకి తేలిన చోట చర్మం ఎర్రగా కనిపించింది. పక్కనున్న నర్సు నా వేలు పట్టుకుని అక్కడ నొక్కించింది. నొక్కి వదిలితే తెల్లబడాలి, తెల్లబడలేదు. పుండు పడబోతోందని అర్థం. ఆరోజు నుంచి రెండేసి గంటలకు ఆయన్ని తిప్పి పడుకోబెట్టాం, చర్మం పగలకుండానే ఎరుపు తగ్గింది. తర్వాత క్లాసులో ఈ టాపిక్ వచ్చినప్పుడు నా వేలికి ఆ చర్మమే గుర్తొచ్చింది.

మీకు పీటీ ఎయిడ్ (ఫిజియోథెరపిస్టుకు సహాయకురాలు) ఉద్యోగం సులువుగా దొరకొచ్చు. చాలాచోట్ల దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. డాక్టరు పక్కన ఉండి కేసు వివరాలు రాసిపెట్టే స్క్రైబ్ పనిని అన్ని ప్రోగ్రాంలూ పేషెంట్ కేర్‌గా ఒప్పుకోవు, ముందే కనుక్కోండి.

అప్లికేషన్ విషయంలో నేను పెద్ద తప్పే చేశాను. పీఏ ప్రోగ్రాంలకు అప్లై చేసే కాస్పా పోర్టల్ ఏప్రిల్ చివర్లో తెరుచుకుంటుంది. నేను గడువు ఉంది కదా అని సెప్టెంబర్లో పంపాను. చాలా ప్రోగ్రాంలు వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లు ఇచ్చేస్తాయి. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు, ఏడాది పోయింది. మరుసటి ఏడు అవే మార్కులతో మే నెలలో పంపితే మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి.

మొదటి ఏడాది క్లాసులు. ఊపిరి సలపదు, వారానికి రెండు పరీక్షలు. అనాటమీలో తల, మెడ నాకు కొట్టిన పిండే కానీ అక్కడి నుంచి కిందకంతా కొత్తే. రెండో ఏడాది రొటేషన్లు, అంటే ఒక్కో విభాగంలో కొన్ని వారాలు రోగుల మధ్య శిక్షణ: ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, ఎమర్జెన్సీ, సర్జరీ, పిల్లలు, గైనిక్, మానసిక ఆరోగ్యం. ఒక్కోటి నాలుగు నుంచి ఆరు వారాలు.

ఇంటర్నల్ మెడిసిన్‌లో ఉండగా కొడుకు దగ్గరికి వచ్చిన ఒక తెలుగు అమ్మ క్లినిక్‌కు వచ్చారు. "గుండెల్లో మంట" అన్నారు. కొడుకు దాన్ని ఎసిడిటీ అని చెప్పేశాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, "ఎప్పుడు వస్తుందమ్మా?" అని అడిగాను. "మేడ మెట్లు ఎక్కితే వస్తుంది, కాసేపు కూర్చుంటే పోతుంది" అన్నారు. తిన్నాక రాదట. వెంటనే డాక్టరుగారికి చెప్పాను. ఆయన ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పిలిపించి అవే ప్రశ్నలు మళ్లీ అడిగి, ఈసీజీ తీయించి, అదే రోజు కార్డియాలజీకి పంపారు. అలా పక్కన కూర్చుని అడగడం నేను కాలేజీలో నేర్చుకోలేదండి, నర్సింగ్ హోంలో నేర్చుకున్నాను.

పాన్స్ అయిదు గంటల పరీక్ష, 300 ప్రశ్నలు. రొటేషన్లు శ్రద్ధగా చేసినవాళ్లకు అది మరీ భయపడాల్సినది కాదు.

పాప విషయం. మా అమ్మ మొదటి ఆరు నెలలు, అత్తయ్య తర్వాత ఆరు నెలలు వచ్చి ఉన్నారు. రొటేషన్లలో తెల్లవారి అయిదున్నరకే ఆసుపత్రిలో ఉండాల్సిన వారాలు ఉంటాయి. అప్పుడు మావారు తన ఆఫీసు వేళలు మార్చుకున్నారు. మీవారితో ఈ మాట ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. ఊళ్లో పెద్దవాళ్లకు విజిటర్ వీసా లేకపోతే సీటు వచ్చేదాకా ఆగకుండా ఈ ఏడాదే హైదరాబాద్ కాన్సులేట్‌లో అప్లై చేయించండి. ఎవాల్యుయేషన్ కాగితాల కోసం మీ కాలేజీకి, యూనివర్సిటీకి తిరగాల్సిన పని కూడా నాన్నగారికి అప్పగించేయండి. మాకు దానికే నాలుగు నెలలు పట్టింది.