మొదటి డిసెంబర్ సెలవులు రూమ్‌లో ఒక్కరే గడపొద్దు, పిలిచిన చుట్టాలింటికి పోండి

పోయిన వారం మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసినాడు, ఆగస్టులో ఎం.ఎస్.కి అమెరికాలో డాలస్ దగ్గరికి వచ్చినాడు, అనంతపురం సాయినగర్ పిల్లోడు. అక్కా, డిసెంబర్ మధ్య నుంచి నెలరోజులు కాలేజీ ఉండదు, రూమ్మేట్లు ఇద్దరు ఇండియా పోతాండారు, ఇంకొకడు న్యూయార్క్ పోతాండాడు, అట్లాంటాలో చిన్నాయన రమ్మంటాండాడు గానీ ఆయన్ని నేను చిన్నప్పుడు ఎవరిదో పెళ్ళిలో ఒకసారి చూసినానంతే, వారం రోజులు పోయి వాళ్ళింట్లో కూర్చుంటే ఏమనుకుంటారో, నేను రూమ్‌లోనే ఉండి సినిమాలు చూసుకుంటాలే అన్నాడు. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. వాడికి గంటసేపు చెప్పిందంతా ఇక్కడ రాస్తాండా, కొత్తగా వచ్చిన తమ్ముళ్ళు చెల్లెళ్ళు అందరికీ పనికొస్తాదని.

నేను వచ్చింది 2008లో. యూనివర్సిటీ తప్ప ఇంకేమీ లేని చిన్న ఊరు, మంచు. చికాగోలో మా పెద్దనాయన కూతురు ఉండేది, మూడుసార్లు ఫోన్ చేసింది రమ్మని, నేను ప్రాజెక్ట్ పని ఉందని అబద్ధం చెప్పినా. మొహమాటం, ఇంకేం లేదు. సెమిస్టర్ అయిపోతానే క్యాంపస్ బస్సులు ఆపేసినారు, లైబ్రరీ మూసేసినారు, మెస్ మూసేసినారు, కారు లేదు. 25వ తేదీ వాల్‌మార్ట్ కూడా మూసేస్తారని నాకు తెలీనే తెలీదు, ఎప్పుడూ తెరిచే ఉంటాదనుకున్నా. ఆ రోజు అన్నంలోకి పెరుగు, ఊరి నుంచి తెచ్చుకున్న శనక్కాయ పొడి, అంతే. లాప్‌టాప్‌లో ఒక సినిమా పెట్టుకున్నా, నవ్వొచ్చే సీన్ వచ్చినప్పుడు పక్కకి తిరిగి చూసినా, ఎవరూ లేరు, అక్కడితో ఆపేసినా. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి బాగున్నా అని చెప్పడానికి గొంతు రాలేదు. మరుసటి ఏడాది పిలవకముందే నేనే అక్కకి ఫోన్ చేసి వస్తాండా అని చెప్పినా.

మీరు అనుకునేట్టు మీ చిన్నాయన వాళ్ళు మర్యాదకి పిలవడం లేదు. ఇక్కడ పదేళ్ళు ఇరవై ఏళ్ళు ఉన్నోళ్ళకి మన ఊరి మాట మాట్లాడే మనిషి ఇంటికి రావడమే పెద్ద పండగ, వాళ్ళ పిల్లలకి అన్న అనో అక్క అనో పిలవడానికి ఒక మనిషి దొరుకుతాడు, మీ నాయన ఎట్లున్నాడు, వాన పడిందా, బోరులో నీళ్ళున్నాయా అని అడగడానికి వాళ్ళకీ ఎవరో ఒకరు కావాలి కదా. మా ఇంటికి ఇప్పుడు ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు వస్తారు, వాళ్ళు పోయినాక ఇల్లు బోసిగా ఉంటాది, రెండు రోజులు పని చెయ్యబుద్ధి కాదు నాకు.

అయితే పొయ్యే పద్ధతి ఒకటి ఉంది. వచ్చే రోజు, పోయే రోజు రెండూ ముందే చెప్పాల, రాను పోను టికెట్ కొన్నాకనే చెప్పాల, ఎన్నిరోజులుంటాడో తెలీకపోతే పిలిచినోళ్ళకి కూడా ఇబ్బంది. నాలుగైదు రోజులు చాలు మొదటిసారికి. అక్టోబర్‌లోనే ఫ్లైట్ కొనండి, నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాటినాక రేట్లు చూస్తే భయమేస్తాది. 25 పొద్దున ఎక్కితే చాలాసార్లు ముందు రోజుల కన్నా తక్కువకి వస్తాది, ఎయిర్‌పోర్టు కూడా ఖాళీగా ఉంటాది. కొందరు నలుగురు కలిసి రెంటల్ కారు తీసుకొని రాత్రంతా డ్రైవ్ చేస్తామంటారు, మంచులో నడిపిన అలవాటు లేకుండా ఆ పని మాత్రం చెయ్యొద్దు, దండం పెడతా. ఇంట్లో ఉన్నన్ని రోజులు తిన్న గిన్నెలు కడగండి, పొద్దున లేచి దుప్పటి మడత పెట్టండి, పిల్లలతో గంటసేపు ఆడుకోండి. మీ నుంచి వాళ్ళకి కావాల్సింది ఇంతే.

ఉత్త చేతులతో పోకుండా ఏమన్నా తీసుకపోండి గానీ పచ్చడి సీసా మాత్రం చేతి బ్యాగులో పెట్టొద్దు, నూనె, పచ్చడి, నెయ్యి లాంటివి వంద మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీ దగ్గర లిక్విడ్ కిందే లెక్కేసి తీసి పారేస్తారు. మా అత్త పంపిన గోంగూర పచ్చడి అట్లే పోయింది. పొడులు, చెక్కిలాలు, నువ్వుల ఉండలు అయితే ఇబ్బంది లేదు.

ఇంక సినిమా. చుట్టాలింట్లో మొదటి రోజు ఎవరికీ మాటలు దొరకవు. మీకు చిన్నాయన తెలీదు, ఆయన పిల్లలకి తెలుగు సగమే వస్తాది, చిన్నమ్మ వాళ్ళ అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఉంటాది, ఆమెకి ఇంగ్లీషు రాదు. వీళ్ళందరినీ ఒక్క సోఫాలో కూర్చోబెట్టి మూడు గంటలు ఒకేదానికి నవ్వించేది సినిమా ఒకటే, ఇంకోటి నాకు తెలీదు. క్రిస్మస్ రోజు ఇక్కడ చాలా షాపులు మూసేసినా సినిమా హాళ్ళు తెరిచే ఉంటాయి, మధ్యాహ్నం నుంచి బాగా రద్దీగా ఉంటాది, పొద్దున చర్చి, భోజనాలు అయిపోయినాక అమెరికా వాళ్ళు కూడా కుటుంబాలతో వస్తారు. అందుకని సీట్లు రెండు మూడు రోజుల ముందే బుక్ చేసుకోవాల, ఎనిమిది మంది పోయి నాలుగు చోట్ల విడివిడిగా కూర్చుంటే పోయిన ప్రయోజనం లేదు.

తెలుగు సినిమా అయితే ఇంకో విషయం. ఇండియాలో రిలీజ్‌కి ముందు రోజు సాయంత్రమే ఇక్కడ ప్రీమియర్ వేస్తారు, పెద్ద హీరోది అయితే టికెట్ 25, 30 డాలర్లు కూడా పెడతారు, మామూలు రోజుకి దాంట్లో సగమే ఉంటాది. కుర్రోళ్ళు మీరు ప్రీమియర్‌కి పోతే పోండి, ఇంటిల్లిపాదీ పోయేటప్పుడు రెండు రోజులు ఆగండి, చాలా హాళ్ళలో మంగళవారం డిస్కౌంట్ కూడా ఉంటాది. ఇక్కడ ఇంటర్వెల్ ఉండదు. తెర మీద ఇంటర్వెల్ అని కార్డు పడతాది, మీరు లేచి చెప్పులేసుకునే లోపల సెకండాఫ్ మొదలైపోతాది, మా నాయన మొదటిసారి వచ్చినప్పుడు బయటికి పోయి టీ వెతుక్కొని వచ్చేసరికి ఇరవై నిమిషాల సినిమా అయిపోయింది, పాపం చాలా బాధపడినాడు. పెద్దోళ్ళని నడవ పక్క సీట్లో కూర్చోబెట్టండి, శాలువా తీసుకపోండి, లోపల చలి ఎక్కువ. కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వస్తాయి కాబట్టి ఇక్కడ పుట్టిన పిల్లలకి కూడా అర్థమైతాది. కాగితాలు చించి ఎగరెయ్యడం మాత్రం వద్దు, ఒకసారి మేము పోయిన హాల్లో అట్ల చేస్తే షో ఆపేసి లైట్లు వేసినారు, చిన్నపిల్లలతో వచ్చినోళ్ళంతా అట్లే కూర్చోవాల్సి వచ్చింది.

కానీ నాకు హాల్లో చూసే సినిమా కన్నా ఇంట్లో చూసేదే ఇష్టం, దానికి కారణం అనంతపురంలో మా అవ్వ ఇల్లు. మా అమ్మ వైపు వాళ్ళు క్రిస్టియన్లు, నాయన వైపు కాదు, అందుకే డిసెంబర్ 25కి పెద్దమ్మ, ఇద్దరు చిన్నమ్మలు, మామలు, మేము, పిల్లలే పదకొండు మంది, అందరం అవ్వ ఇంట్లోనే. గుమ్మానికి కాగితం నక్షత్రం, లోపల బల్బు. అవ్వ తెల్ల చీర కట్టుకొని పొద్దునే చర్చికి పోయి వచ్చేది, మధ్యాహ్నం కోడి పులుసు, చిత్రాన్నం, సాయంత్రానికి పెద్ద బేసిన్‌లో నానబెట్టిన అనపగింజలు వచ్చేవి. డిసెంబర్, జనవరి అంటే మా పక్క అనపకాయల కాలం, గింజలు నానబెట్టి వేళ్ళతో పితికితే తొక్క ఊడి పప్పు ఎగిరి పడతాది, అందుకే దాన్ని పితికిపప్పు అంటారు. ఇంతమందికి పితకాలంటే రెండు మూడు గంటలు పడతాది, ఆ మూడు గంటలకి సరిపోయేట్టు మామ మాయాబజార్ పెట్టేవాడు. 1957లో వచ్చిన సినిమా, ఎప్పుడు పెట్టినా పిల్లలు కదిలేవాళ్ళు కాదు. దర్శకుడు కె.వి.రెడ్డి పుట్టింది తాడిపత్రిలో, మా తాతది కూడా తాడిపత్రే, మొదట్లో పేరు పడతానే తాత వేలు పెట్టి చూపించి మా ఊరాయన అనేవాడు, ప్రతిసారీ, మొదటిసారి చెప్తాండట్టు. బేసిన్ చుట్టూ అందరం, కళ్ళు టీవీ మీద, చేతులు పప్పు మీద, ఘటోత్కచుడు వచ్చినప్పుడు మాత్రం చేతులు ఆగిపోయేవి, అవ్వ అరిచేది పితకండి రాత్రికి సంగటిలోకి ఏముంది అని. చర్చి నుంచి వచ్చిన మనిషి కృష్ణుడి సినిమా చూసి కళ్ళు తుడుచుకునేది. అవ్వా తాతా ఇద్దరూ ఇప్పుడు లేరు.

ఇదంతా ఎందుకు రాస్తాండానంటే ఇక్కడ కూడా చెయ్యొచ్చు, నేను చేస్తాండా కాబట్టి. అనపగింజలు ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ దగ్గర సూర్తి పాప్డీ లిల్వా అని గుజరాతీ పేరుతో ఉంటాయి, అనప అని రాసి ఉండదు, నాకు ఆ సంగతి తెలిసేసరికి నాలుగేళ్ళు పట్టింది. నీళ్ళలో కాసేపు వేస్తే తొక్క వదులైతాది. బేసిన్ మధ్యలో పెట్టి పాత సినిమా ఏదన్నా పెట్టండి, ఫోన్లు చేతిలోకి రావు ఎందుకంటే చేతులు తడిగా ఉంటాయి. మా పిల్లలు మొదట్లో బోర్ అన్నారు, ఇప్పుడు నవంబర్ నుంచే అడుగుతారు. మేము ఈస్ట్ కోస్ట్‌లో ఉన్నాము కాబట్టి పొద్దున 8కి మొదలుపెడతాము, అనంతపురంలో అప్పుడు సాయంత్రం 6:30, అక్కడ మామ ఇంట్లో కూడా అదే సినిమా పెడతారు, వీడియో కాల్ ఆన్‌లో ఉంటాది, మధ్యలో రెండు నిమిషాలు తేడా వస్తే మామ ఆపండి ఆపండి మేము ఇంకా ఆడికి రాలేదు అంటాడు. డాలస్ వాళ్ళకి ఇంకో గంట తేడా ఉంటాది, చూసుకోండి.

ఈ డిసెంబర్‌కే ఇంటికి పోదామనుకునే వాళ్ళకి కూడా కొంచెం చెప్తా. ముందు కాగితాలు. చదువుకునే వీసా ఎఫ్1 మీద ఉన్నోళ్ళు కాలేజీ ఇచ్చిన ఐ20 కాగితం మీద ట్రావెల్ సంతకం చూసుకోండి, చదివేటోళ్ళకి ఏడాది, చదువు అయినాక ఓపీటీ మీద పని చేసుకుంటా ఉన్నోళ్ళకి ఆరు నెలలే పనికొస్తాది, కాలేజీ ఆఫీసు సెలవులకి మూసేలోపే చేయించుకోవాల. ఉద్యోగం వీసా హెచ్1బి వాళ్ళు స్టాంపింగ్, అంటే పాస్‌పోర్ట్‌లో కొత్త వీసా వేయించుకోవాల్సి ఉంటే పండగ కోసం రిస్క్ చెయ్యొద్దు. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్1బి వాళ్ళవి, హెచ్4 మీద ఉండే వాళ్ళ భార్యాభర్తా పిల్లలవి సోషల్ మీడియా కూడా చూస్తామని రూల్ పెట్టి ఇండియాలో ఎంతోమంది ఇంటర్వ్యూలని నెలలకి నెలలు వెనక్కి జరిపినారు, రెండు వారాలకని పోయినోళ్ళు అక్కడే ఇరుక్కుపోయినారు. మాకు తెలిసిన ఒకాయన భార్యాపిల్లలు ఇక్కడ, ఆయన అక్కడ. వీసా గట్టిగా ఉంటేనే పోండి.

అనంతపురం వాళ్ళకి బెంగళూరు ఎయిర్‌పోర్టే దగ్గర, అది ఊరికి ఉత్తరాన దేవనహళ్ళి పక్కనే ఉంది కాబట్టి బెంగళూరు ట్రాఫిక్‌లోకి పోకుండానే 44వ నంబర్ హైవే ఎక్కేయొచ్చు, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్ట్, పెనుకొండ మీదుగా మూడు గంటల్లో ఇల్లు. డిసెంబర్, జనవరిలో ఢిల్లీ మీదుగా టికెట్ చవగ్గా దొరికినా తీసుకోవద్దు, తెల్లవారుజామున పొగమంచుకి ఫ్లైట్లు ఆగిపోతాయి, రెండు వారాల సెలవులో ఒక రోజు ఆడనే పోతాది. ఇంటికి పోయినాక చుట్టాలిళ్ళన్నీ తిరగాలని పెట్టుకోవద్దు. అందరినీ ఒకరోజు ఒక ఇంట్లో కలవండి, సాయంత్రం అందరికీ కలిపి మీరే సినిమా టికెట్లు తీయండి. ఇక్కడ ఒక ప్రీమియర్ టికెట్ డబ్బుకి అక్కడ పదిమంది చూస్తారు, వరసంతా మనవాళ్ళే కూర్చుంటే ఇంటర్వెల్‌లో మిరపకాయ బజ్జీలు తింటా మాట్లాడుకునే మాటలు మళ్ళీ ఏడాది దాకా సరిపోతాయి. పెద్ద సినిమాలు సంక్రాంతికే వస్తాయి కాబట్టి జనవరి మొదటి వారంలో తిరిగొచ్చే వాళ్ళకి అవి దొరకవు, దానికేం బాధపడొద్దు, ఆ వారంలో ఏది ఆడతాంటే అదే చూడండి.

మా తమ్ముడు నిన్న మెసేజ్ పెట్టినాడు, 22కి పోయి 27కి తిరిగొచ్చేట్టు అట్లాంటాకి టికెట్ కొన్నాడంట. చిన్నాయన వెంటనే ఫోన్ చేసి ఏం తింటావురా, కారం ఎక్కువ తింటావా తక్కువా అని అరగంట మాట్లాడినాడంట. నేను ఆ చిన్నమ్మ నంబర్ తీసుకున్నా. ఆమెది కదిరి పక్క పల్లె, లిల్వా ప్యాకెట్ సంగతి ఆమెకి తెలుసో లేదో కనుక్కోవాల, ఐదుగురికి మూడు ప్యాకెట్లన్నా కావాల.