ఎంఎంటీఎస్ స్టేషన్ పక్కన ఇల్లుంటే బండి లేకుండా గడుస్తుందా?

మీరు రెండు విషయాలు అడిగారు. హైదరాబాద్ లోకల్ రైళ్లయిన ఎంఎంటీఎస్ లింగంపల్లి లైన్లో స్టేషన్ దగ్గర ఫ్లాట్ కొంటే బండి అవసరం తప్పుతుందా, స్టేషన్ల చుట్టూ ఎత్తైన అపార్ట్‌మెంట్లకు పర్మిషన్ ఇస్తే ట్రాఫిక్ తగ్గుతుందా అని. నేను ఆ లైన్లోనే ఉంటూ బేగంపేటలో ఉద్యోగం చేస్తున్నాను. నాకు బండి లేకుండా గడుస్తోంది. మా వీధి చివరి టవర్లో ఉండేవాళ్లకు గడవడం లేదు. తేడా అంతా స్టేషన్‌కు వెళ్లే దారిలోనే ఉంది.

ఆ టవర్ బాల్కనీలో నిలబడితే ప్లాట్‌ఫారం మీద జనం కనిపిస్తారు. కానీ ప్రహరీ గోడ పట్టాల పొడవునా ఉంది, గేటు మాత్రం మెయిన్ రోడ్డు వైపు పెట్టారు. గేటు దాటి, గోడ చుట్టూ తిరిగి, నాలా మీది ఇరుకు కల్వర్టు మీదుగా రావాలి. అక్కడ ఫుట్‌పాత్ లేదు. ఒక పక్క ట్రాన్స్‌ఫార్మర్, ఇంకో పక్క ఆగి ఉన్న షేర్ ఆటోలు. గట్టి వాన పడితే చెప్పులు చేత్తో పట్టుకోవాల్సిందే. మ్యాప్‌లో పావు కిలోమీటరు కూడా లేదు, నడిస్తే కిలోమీటరు పైనే. అందుకే అక్కడివాళ్లు కార్లు తీస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

2017లో కేంద్రం తెచ్చిన జాతీయ టీఓడీ (ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్, అంటే స్టేషన్ల చుట్టూ ఊరు పెరిగేలా చూడటం) విధానం స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల వరకు, అంటే పది పన్నెండు నిమిషాల నడక దూరంలో, ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు దగ్గరదగ్గరగా రావాలంటుంది. నడకదారులు, సైకిళ్లు, తక్కువ ఆదాయం వాళ్లకు ఇళ్ల గురించి కూడా అందులోనే ఉంది. మన దగ్గర చర్చ మాత్రం అదనపు అంతస్తుల దగ్గరే ఆగిపోతుంది. నాకు బాధ కలిగించేది ఇదే. ఎంఎంటీఎస్‌లో కనీస టికెట్ 5 రూపాయలు. రోజూ నాతో ఎక్కేవాళ్లలో స్టూడెంట్లు, బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, సెక్యూరిటీ గార్డులు ఎక్కువ. స్టేషన్ పక్కన మూడు బెడ్‌రూముల ఫ్లాట్లే వస్తే వీళ్లు అద్దెలు భరించలేక ఇంకా దూరం వెళ్లిపోతారు. వాళ్ల చోట ఇంటికి రెండు కార్లున్న వాళ్లు దిగుతారు. అప్పుడు ట్రాఫిక్ ఎలా తగ్గుతుంది? చిన్న అద్దె ఇళ్లు తప్పనిసరి చేయకుండా అంతస్తులు పెంచడాన్ని నేను ఒప్పుకోను.

రైళ్ల సంగతి కూడా చూడాలి. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ చాలాచోట్ల దూరప్రాంత రైళ్ల పట్టాల మీదే నడుస్తుంది. కాబట్టి మెట్రోలాగా ఒకటి పోతే వెంటనే ఇంకోటి రాదు. పైగా రైలు దిగాక ఆఫీసు ఎంత దూరమో చూసుకోండి. హైటెక్ సిటీ పేరుతో ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది, మెట్రో స్టేషన్ ఉంది. కానీ మెట్రో స్టేషన్ ఐటీ ఆఫీసులున్న సైబర్ టవర్స్ వైపు ఉంది, ఎంఎంటీఎస్ దిగినవాళ్లకు బస్సో ఆటోనో కావాలి. బేగంపేట, భరత్‌నగర్‌లలో అయితే మెట్రో దగ్గరే.

ఫుట్‌పాత్ వేసేటప్పుడు తోపుడు బండ్లవాళ్లను, రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్లను ఖాళీ చేయించడం కూడా సరికాదు. మా స్టేషన్ మెట్ల కింద ఆకుకూరలు అమ్మే అక్క రాత్రి పొద్దుపోయేదాకా ఉంటుంది. ఆమె బల్బు వెలుగుతున్నంతసేపు ఆడవాళ్లు ధైర్యంగా ఆ వైపే దిగుతారు. ఆమె లేచి వెళ్లిపోతే మెయిన్ రోడ్డు వైపు చుట్టూ తిరిగి వెళ్తారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ఇలాంటివాళ్ల కోసమే వచ్చింది. ప్లాన్ గీసేటప్పుడే వాళ్లకు జాగా చూపించాలి.

మా వైపు గోడలు లేచిపోయాయి, ఇప్పుడు దారి తీయడం కష్టం. రెండో దశలో 2023లో మేడ్చల్‌కు, 2024లో ఘట్‌కేసర్‌కు ఎంఎంటీఎస్ రైళ్లు వచ్చాయి. అటువైపు ఇంకా ఖాళీ స్థలాలున్నాయి. లేఅవుట్‌కు పర్మిషన్ ఇచ్చేటప్పుడే స్టేషన్ వైపు అందరూ నడిచే దారి వదలమని షరతు పెడితే చాలా వరకు పని అయిపోతుంది.

ఇక మీ ఫ్లాట్. ఆదివారం పొద్దున బ్రోకర్ కారులో వెళ్లి చూడకండి. పనిరోజు సాయంత్రం ఏడింటికి రైల్లో దిగి, ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఆ గేటు దాకా నడవండి. స్టేషన్‌కు రెండు వైపులా మెట్లున్నాయా, టవర్‌కు స్టేషన్ వైపు చిన్న గేటైనా ఉందా, అది రాత్రి ఎన్నింటి దాకా తీసి ఉంచుతారో వాచ్‌మన్‌ను అడగండి. ఆ గేటు లేకపోతే, స్టేషన్ పేరు చెప్పి అడిగే రేటు ఇవ్వకండి.